స్వరము లేని పాటలు

ఇటలీదేశమున మిలాను పట్టణమునందు రికోర్డివారి సంగీతభాండారము కలదు. 1808లో ఆ ప్రచురణాలయమును స్థాపించిన జొవాన్ని రికోర్డి తొలుత నాటకశాలకు స్వరపత్రములను నకలు వ్రాసి యిచ్చు లేఖరి. (దస్తూరీతో బ్రతుకు మాబోటి బడిపంతుళ్లకు ఇది కొంత సంతోషకరమైన విషయము.) వెర్డీ రచించిన 28 సంగీతనాటకములలో 23 ఆయన స్వహస్తలిఖితములుగా అందున్నవి. ఏ వాద్యము ఏ స్వరమును ఎంతసేపు పలుకవలెనో ఆ కాగితమే చెప్పును.

మనకును భాండారము లేకపోలేదు. తిరుమల ఆలయమున తాళ్లపాకవారి రాగిరేకులు రెండువేలకు పైగా దొరికినవి. అన్నమాచార్యులు మా ఆళ్లగడ్డ చెంతనున్న అహోబిలమున శఠగోపయతికడ వేదాంతము నేర్చెనని మనుమడు చిన్నన్న చెప్పెను గనుక, ఈ సొత్తులో మా సీమకును పాలు కలదనుకొందుము. అయితే ఆ రేకులపై రాగము పేరున్నది, సాహిత్యమున్నది, స్వరము లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు కొన్నింటికి స్వరములు కూర్చిరి. అవి మిక్కిలి రమ్యములు. కాని అవి శర్మగారివి.

మనవారికి స్వరలేఖనము చేతగాదనరాదు. 1904లో ఎట్టయపురమున సుబ్బరామ దీక్షితులు సంగీత సంప్రదాయ ప్రదర్శినిని తెలుగులిపిలోనే, గమకములకు సైతము గుర్తులు కల్పించి, అచ్చొత్తించిరి. అది విద్వాంసుల పాటకు దక్కిన భాగ్యము. ఆడువారి పాటకు ఆ భాగ్యము అంతగా దక్కలేదు.

ఆళ్లగడ్డలో మా పెద్దమ్మకడ పెండ్లిపాటల పుస్తక మొకటి కలదు. కులస్త్రీకి సరిగమ లేలయని ఆమెను బాల్యమున సంగీతమునకు దూరముగా నుంచిరి. అందుచే ప్రతి పాటపైనను ఆమె గుర్తులు ఆమెవే: “వదినె సీమంతమప్పటి వరుస”, “నంద్యాల పెండ్లిలో మగపెండ్లివారు పాడినది”. ఆ సీమంతమునకు వచ్చినవారిలో నేడామె యొక్కతెయే మిగిలినది.

మేము నంద్యాలనుండి ఆదివారములు పోయి ఆమె పాడగా స్వరములు వ్రాయుచున్నాము. ఫోనులో పట్టరాదా యని కుమారు లడిగిరి, అదియు పట్టుచున్నాము. ఒకే చరణమును రెండవమారు వేరుగా పాడినది. ఏది సరియని యడుగగా, “రెండూ సరే నాయనా, అప్పుడు అప్పగింతలు, ఇప్పుడు ఊరికే పాడితి” నన్నది. రెండును వ్రాసికొంటిమి.

ఇప్పటికి పదునొకండు పాటలైనవి. పుస్తకమున నలువదికి పైగా కలవు. ఆమెకు ఎనుబదియారేండ్లు.