పర్హేజు, పథ్యం, ఒక చాక్లెట్టు

రెండు భాషల మధ్య పెరిగినవారికి ఒక సౌలభ్యం ఉన్నది. ఒక భాషలో మసకగా తోచిన విషయం రెండవ భాషలో తేటపడుతుంది. మా ఇంట ఉర్దూ, మా వీధిలో తెలుగు. రోగి పాటించవలసిన ఆహార నియమాన్ని ఉర్దూలో 'పర్హేజ్' అంటారు, తెలుగులో 'పథ్యం' అంటారు. పర్హేజ్ అనగా దూరంగా ఉండటం, విడిచిపెట్టడం. పథ్యం అనే మాటకు మూలార్థం వేరు. పథానికి, అంటే మార్గానికి, అనుకూలమైనది పథ్యం. హితమైనది అని భావం. మొదటి మాట ఏది తినరాదో చెబుతుంది. రెండవది ఏది తినదగునో వెతుక్కొమ్మంటుంది. ఈ భేదం నాకు నిఘంటువు వలన గాక, మా అమ్మీకి వచ్చిన మధుమేహం వలన బోధపడింది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగి 2023లో ప్రకటితమైన సర్వే ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షలమంది. వీరందరికీ వైద్యులు మందుబిళ్లలు వ్రాసి ఇస్తారు, నియమాలు చెబుతారు. కాని పంక్తిలో వేరుపడిన మనిషి బాధకు ఏ చీటీలోనూ మందు ఉండదు.

ఈద్ నాడు షీర్ ఖుర్మా వండేది అమ్మీ. వచ్చినవారికెల్లా గిన్నెలలో పోసి, కొసరి కొసరి ఇచ్చేది కూడా ఆమెయే. ఆమె గిన్నె మాత్రం బోర్లించి ఉండేది. ఉగాదికి పొరుగింటి అక్క భక్ష్యాలు పంపుతూ, "అమ్మకు పెట్టకు బిడ్డా, షుగరున్నది గద" అని చెప్పి మరీ పంపేది. అది ప్రేమతో అన్న మాటే. ఐనా ఆ మాట చెవిన పడగానే అమ్మీ ఏదో పని ఉన్నట్లు లోపలికి వెళ్లిపోయేది. ఒకనాటి రాత్రి నాతో, "తీపి మీద నాకు ఆశ లేదు బేటా. నలుగురిలో కూర్చుని ప్రతిసారీ 'నాకు వద్దు' అనటమే కష్టంగా ఉంటుంది" అన్నది.

ఆమెకు విడిగా ఒక మిఠాయి చేసిపెడితే ఈ కష్టం తీరదు. రోగికి వేరు పళ్లెం పెట్టడం కూడా ఒక విధమైన వెలియే. ఇంటిల్లిపాదీ ఒకే పళ్లెం నుంచి తీసుకోగల పదార్థం కావాలి. ఆలోచించగా నల్లని చేదు చాక్లెట్టు తోచింది. చేదు దాని సహజ గుణం. తీపి మనుషులు తరువాత చేర్చినది.

దుకాణంలో దొరికే చాక్లెట్టు పొట్లం మీద చేర్చిన పదార్థాలను తూకం ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా అచ్చువేస్తారు. చాలా పొట్లాల మీద మొదటి పేరు చక్కెరే. పాల చాక్లెట్టులో దాదాపు సగం చక్కెర ఉంటుంది. కాని దీని పుట్టుక చూస్తే మిశ్రమం ఎంత సులభమైనదో తెలుస్తుంది. 1828లో హాలెండు దేశీయుడు వాన్ హౌటెన్ పేరిట వెలువడిన యంత్ర పద్ధతితో కోకో గింజల నుంచి వెన్నను పిండి, మిగిలిన దానిని పొడి చేయటం సాధ్యమైంది. 1847లో ఇంగ్లండులోని ఫ్రై సంస్థ కోకో పొడి, చక్కెర, కోకో వెన్న కలిపి కొరికి తినే చాక్లెట్టును తయారుచేసింది. ఇంట చేసేవారు చేసేదీ అదే పని. ఐతే పాళ్లు నిర్ణయించే అధికారం మాత్రం వారి చేతిలో ఉంటుంది.

కోకో మనకు పరాయి పంట కూడా కాదు. ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాలలో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడన ఈ చెట్లు పెంచుతున్నారు. ఆ గింజలతో చేసిన చాక్లెట్టు అమ్మే 'మనం' అనే దుకాణం 2023లో హైదరాబాదు బంజారాహిల్స్‌లో తెరిచారు. మరొక విశేషం: ఇడ్లీ పిండి రుబ్బడానికి తమిళనాడులో తయారైన రాతి గ్రైండర్లనే నేడు అనేక దేశాలలో చిన్న తయారీదారులు కోకో గింజలు రుబ్బడానికి వాడుతున్నారు.

మేము గింజల జోలికి పోలేదు. చక్కెర కలపని కోకో పొడి 100 గ్రాములు, కోకో వెన్న 100 గ్రాములు హైదరాబాదు నుంచి తెప్పించుకున్నాము. తీపి కోసం ఎండు ఖర్జూరం 50 గ్రాములు తీసుకున్నాము. షీర్ అంటే పాలు, ఖుర్మా అంటే ఖర్జూరం. ఈద్ పళ్లెంలో అమ్మీకి దూరమైన పండునే మితంగా తిరిగి పిలిచామన్నమాట. ఖర్జూరం ముక్కలను సన్నని సెగ మీద తడి ఆరేదాకా వేయించి, చల్లార్చి, మిక్సీలో పొడిచేసి, పలుచని బట్టతో జల్లించాము. వేడినీళ్ల గిన్నె మీద మరొక గిన్నె ఉంచి వెన్న కరిగించి, పొడులు రెండూ కలిపాము. ఈ పనిలో నీరే శత్రువు. ఒక్క చుక్క పడినా మిశ్రమం ముద్దకట్టుకుపోతుంది.

రెండవ శత్రువు మా ఆలేరు ఎండ. కోకో వెన్న సుమారు 34 డిగ్రీల వద్దనే కరిగిపోతుంది. మే నెలలో మా ఊళ్లో 40 డిగ్రీలు దాటటం సామాన్యం. అందుచేత డిసెంబరు తెల్లవారుజామున పూనుకున్నాము. కరిగిన మిశ్రమాన్ని కలుపుతూ 28 డిగ్రీల దాకా చల్లార్చి, మరల 31, 32 డిగ్రీలకు వెచ్చచేసి పళ్లెంలో పోస్తే, గట్టిపడిన పిదప మెరుపు వస్తుంది, విరిస్తే టప్పున విరుగుతుంది. వెన్నలోని స్ఫటికాలు ఆ వేడిమి వద్ద సరియైన అమరికలో పేరుకోవటమే ఇందుకు కారణం.

ఇక లెక్క. మొత్తం 250 గ్రాములు, 25 ముక్కలు. ఒక్కొక్క ముక్కలో ఖర్జూరం పొడి 2 గ్రాములు. అందులోని చక్కెర ఒకటిన్నర గ్రాముకు లోపే. అంతే బరువున్న పాల చాక్లెట్టులో సుమారు 5 గ్రాములు ఉంటుంది. ఈ లెక్క కాగితం మీద వ్రాసి వైద్యునికి చూపాము. రోజుకు ఒక ముక్కకు ఆయన అనుమతించారు.

ఇంతమాత్రాన దీనిని ఔషధమని భ్రమపడరాదు. కోకో సారంతో అమెరికాలో 21 వేలమందికి పైగా జరిపి 2022లో ప్రకటించిన పరిశోధనలో, హృద్రోగ ఘటనల మొత్తం చెప్పుకోదగినంతగా తగ్గినట్లు నిరూపణ కాలేదు. పైగా కోకో వెన్న కొవ్వు పదార్థం. బెల్లమైనా తేనె అయినా ఖర్జూరమైనా రక్తంలో చేరేది చక్కెరగానే.

ఆ సాయంత్రం పళ్లెం చేయి మారుతూ అమ్మీ దాకా వచ్చింది. ఆమె ఒక ముక్క తీసుకొని పళ్లెం పక్కకు అందించింది. 'వద్దు' అనవలసిన అవసరం రాలేదు. పిల్లలు ముఖాలు చిట్లించారు. పొరుగింటి అక్క చప్పరించి, "చేదున్నది గని మంచిగున్నది చెల్లె" అన్నది. అమ్మీ నవ్వి, ఎట్లా చేయాలో ఆమెకు చెప్పసాగింది. చాలాకాలం తరువాత తీపి గురించిన మాటలో ఆమె రోగిగా గాక, వండే మనిషిగా పాల్గొన్నది.

విద్యార్థి మిత్రులారా! మీ ఇళ్లలోనూ అమ్మయో, నాన్నయో, తాతయ్యయో ఇట్టి నియమంలో ఉండవచ్చు. వారికి తినరానివాటి పట్టిక ఇప్పటికే కంఠస్థమై ఉంటుంది. దానిని మరల చదివి వినిపించకండి. ఆ వైద్యుని చీటీ తీసుకొని, వారితోపాటు మీరు కూడా తినగలిగినది ఏదో ఒకటి వెతకండి. పర్హేజు రోగి ఒక్కరే చేయగలరు. పథ్యం మాత్రం ఇంటిల్లిపాదీ కలిసి వండవలసినది.