నాలుగు కన్నాల పెట్టె

నా చిన్నతనంలో కోటప్పకొండ తిరునాళ్ళకు కాశీపట్నం బొమ్మల పెట్టె ఒకటి వచ్చేది. ముక్కాలి బల్ల మీద రేకు పెట్టె. దాని ముందువైపు వరుసగా నాలుగు కన్నాలు, కన్నానికొక భూతద్దం. ఐదేసి పైసలిచ్చిన నలుగురు పిల్లలం ఆ కన్నాలకు ముఖాలానించి కూర్చుంటే, పెట్టెవాడు చిడతలు వాయిస్తూ, లోపలి బొమ్మల చుట్టను తిప్పుతూ, వచ్చిన ప్రతి బొమ్మ గురించీ రాగం తీసి చెప్పేవాడు. కాశీ ఘట్టాలు, తాజమహలు, అంబారీ ఏనుగు. ఏ బొమ్మ తరువాత ఏది వచ్చేదో ఇప్పుడు జ్ఞాపకం లేదు. పక్కవాడి భుజం నా భుజానికి తగులుతూండడం మాత్రం జ్ఞాపకముంది. "అదుగోరా ఏనుగు" అని వాడు అరిచేసరికి నాకూ ఆ ఏనుగే కనబడేది.

అరవై ఐదేళ్ళు దాటాక మరొక పెట్టెలో తల దూర్చే యోగం పట్టింది. కిందటి దసరా సెలవులకు హైదరాబాదులో మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. అల్లుడు ఉద్యోగం పని మీద అమెరికా వెళ్ళి వస్తూ, పదకొండేళ్ళ మా మనవడికి వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ తెచ్చాడు. అది ఏ సంస్థ తయారీయో చెప్పను. నేను దానిలో కనుగొన్న లోపాలు ఇంచుమించు ఆ జాతి మొత్తానికి ఉన్నవే.

వర్చువల్ రియాలిటీని కొందరు 'మిథ్యావాస్తవం' అంటున్నారు. ఆ మాటతో నాకు మొదట పేచీ ఉండేది. వేదాంతంలో మిథ్య అంటే బొత్తిగా లేనిదని అర్థం కాదు. ఉన్నదనడానికీ లేదనడానికీ వీలుపడనిది మిథ్య. తాటి మీద తోచిన పాము మిథ్య. కుందేటి కొమ్ము కాదు. ఆటబొమ్మకు అంత పెద్ద మాట దేనికి అనుకునేవాణ్ణి. పెట్టె తలకెక్కాక ఆ పేచీ మానుకున్నాను.

ఆకాశమెత్తు మేడ. దాని అంచు నుండి శూన్యంలోకి చాచిన ఒక చెక్కబల్ల. దాని మీద నడవాలట. నా కాళ్ళ కింద ఉన్నది మా అమ్మాయి ఇంటి గచ్చు అని నాకు తెలుసు. తెలిసినా అడుగు పడలేదు! ఒళ్ళంతా చెమటలు పట్టాయి. ఆసరా కోసం పక్కనున్న గోడను పట్టుకోబోయాను. ఆ గోడ లేదు. దివాను మీద కూలబడ్డాను. మా మనవడు పకపకా నవ్వడం వినబడింది.

దుర్యోధనుడు మయసభలో నేలను చూసి నీరని బట్టలెత్తుకున్నాడు, నీటిని చూసి నేలని తడిశాడు. సభాపర్వంలోని ఆ కథను ముప్పై ఏళ్ళు తరగతిలో చెప్పాను. పిల్లలు నవ్వితే నేనూ నవ్వాను. ఆ రాజు పడిన సిగ్గు ఎలాంటిదో ఆనాడు దివాను మీద తెలిసింది. అయితే ఒక భేదముంది. మయసభలో నవ్వినవారూ ఆ సభలోనే ఉన్నారు. ఆ మణుల నేలను వారు కూడా చూస్తున్నారు. నన్ను చూసి నవ్విన పిల్లవాడికి నేనెక్కిన మేడ కనబడలేదు, నాకు వాడి ముఖం కనబడలేదు. మా ఇద్దరికీ మధ్య మిగిలింది నవ్వు ఒక్కటే.

వచ్చే జూన్‌లో అల్లుడికి అమెరికా బదిలీ. "తాతయ్యా, నువ్వూ ఒకటి కొనుక్కో. నేనక్కడ, నువ్విక్కడ పెట్టుకుని ఒకే చోట ఆడుకుందాం" అన్నాడు మనవడు. అందుచేత రాబోయే తరం హెడ్‌సెట్లు ఎలా ఉంటాయన్నది నాకిప్పుడు ఊసుపోక చదివే వార్త కాదు. నాలుగు నెలలుగా ఆ విషయమే చదువుతున్నాను, మనవణ్ణి అడుగుతున్నాను.

మొదటి మాట బరువు. 1968లో ఐవాన్ సదర్లాండ్ అమెరికాలో ఇటువంటి సాధనాన్ని తయారుచేసినప్పుడు దానిని కప్పు నుండి వేలాడదీయవలసి వచ్చింది. ఆ లెక్కన ఇప్పటివి పువ్వులే. కాని పువ్వైనా ముక్కు మీద గంటసేపు నిలిస్తే బరువే! 2020లో వచ్చిన క్వెస్ట్ 2 బరువు 503 గ్రాములు. మూడేళ్ళ తరువాత వచ్చిన క్వెస్ట్ 3 బరువు 515 గ్రాములు. 2024లో ఆపిల్ సంస్థ 3,499 డాలర్లకు అమ్మకానికి పెట్టిన విజన్ ప్రో, బ్యాటరీని విడిగా జేబులో వేసుకున్నా, 600 గ్రాములు దాటింది. బొమ్మ నిగ్గుదేరిందే గాని మెడకు దక్కిన ఊరట లేదు. 2023లో బిగ్‌స్క్రీన్ బియాండ్ అనేది 127 గ్రాములతో వచ్చింది. దర్జీ కొలత తీసినట్టు కొనేవారి ముఖం కొలత తీసుకుని, దానికి తగిన మెత్త చేసి ఇచ్చారు. అయితే దానిని తీగతో కంప్యూటరుకు కట్టివేయాలి. 2025 నవంబరులో వాల్వ్ సంస్థ ప్రకటించిన స్టీమ్ ఫ్రేమ్ బరువు 440 గ్రాములు, బ్యాటరీ తల వెనుక ఉంటుంది. కావడిబద్దకు రెండు వైపులా కుండలుండాలన్న తెలివి మన నీళ్ళు మోసేవారికి ఏనాటి నుండో ఉంది.

ఇక కళ్ళ సంగతి. ఇది కొంచెం ఓపికగా వినాలి. చూపుడువేలిని ముక్కుకెదురుగా జానెడు దూరంలో నిలిపి చూడండి. రెండు కనుగుడ్లూ లోపలికి తిరుగుతాయి. అదే క్షణంలో కంటిలోని కటకం ఉబ్బి, ఆ దగ్గరి వస్తువుకు తగినట్టు సర్దుకుంటుంది. ఈ రెండు పనులూ పుట్టింది మొదలు జోడెడ్లలా కలిసి నడుస్తాయి. హెడ్‌సెట్‌లో ఆ కాడి విరుగుతుంది. దానిలోని అద్దాలు తెరను ఒకటి రెండు మీటర్ల దూరంలో ఉన్నట్టు, ఒక్కచోటనే నిలిపి చూపిస్తాయి. బొమ్మలోని సీతాకోకచిలుక ముక్కు మీద వాలినా, కొండ యోజనం దూరాన ఉన్నా కటకం సర్దుకోవలసిన దూరం ఒక్కటే. గుడ్లు మాత్రం లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉండాలి. కళ్ళు అలసిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

విచిత్రమేమంటే ఈ బాధ నాకు తక్కువ. చత్వారం వచ్చిన కంటికి సర్దుకునే శక్తి ఎలాగూ పోయింది. ఒక్క దూరానికే కట్టుబడిన లోకం నాకు ఇరవై ఏళ్ళుగా అలవాటే. బాధంతా ఎడ్లు రెండూ బలంగా ఉన్న పిల్లవాడిది. ఆట ముగించి పెట్టె తీయగానే మా మనవడు కళ్ళు నులుముకోవడం చూశాను. "ఏం నాన్నా?" అంటే "ఏం లేదు తాతయ్యా" అన్నాడు. చూపు ఎక్కడ పడితే అక్కడికి తగినట్టు తెరను జరిపే నమూనాను ఫేస్‌బుక్ పరిశోధకులు 2018లోనే హాఫ్ డోమ్ పేరిట చూపించారు. 2023లో మెటా పేరుతో మరొకటి చూపించారు. ప్రదర్శనశాల నుండి పిల్లల ఆటగదికి అది ఎప్పుడు నడిచి వస్తుందా అని నేను ఎదురుచూస్తున్నాను. మిగిలిన కోరికలు తీరకపోయినా ఇదొక్కటి తీరితే చాలు.

స్ఫుటత్వం గురించి సంస్థలవారు చుక్కల లెక్కలు చెబుతారు. కంటికి 2064 అడ్డం, 2208 నిలువు, ఇత్యాది. నా కొలబద్ద వేరు. ఒక పుస్తకంలోని పుటను ఫొటో తీయించి, ఆ మాయాలోకంలోని గోడ మీద, గదిలో పంచాంగం తగిలించినంత దూరంలో పెట్టించాను. పెద్ద అక్షరాలు బాగానే ఉన్నాయి. మామూలు అక్షరాల దగ్గరకు వచ్చేసరికి 'ప్రదానం', 'ప్రధానం' ఒక్కటైపోయాయి! ద కింది ఆ చిన్న గీత ఆవిరైపోయింది. సంయుక్తాక్షరాల అడుగున ఉన్న ఒత్తులు చీమల గుంపులయ్యాయి. మంచి చూపున్న కంటికి ఒక డిగ్రీ మేరలో అరవై చుక్కల దాకా విడివిడిగా తెలుస్తాయంటారు. క్వెస్ట్ 3 వంటివాటిలో ఇరవై ఐదుకు అటూ ఇటూగా ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరం ఆ ఇరవై ఐదింటితో ఎలాగో నెట్టుకొస్తుంది. తలకట్టు పైన, ఒత్తు కింద ఉన్న మన అక్షరానికి చాలవు. కనుచూపును కనిపెట్టి, అది పడిన చోట మాత్రమే బొమ్మను పూర్తి వివరంగా గీసే ఉపాయం 2023లో వచ్చిన ప్లేస్టేషన్ వీఆర్2లోనే ఉంది. దానివల్ల యంత్రం మీద భారం తగ్గుతుంది. దానికి తోడు చుక్కలు కూడా పెరిగితే, తాతా మనవలు ఒక పద్యాన్ని గోడ మీద పెట్టుకుని చదవవచ్చు.

కనుచూపును కనిపెట్టడంలో మరొక లాభముంది. దమయంతీ స్వయంవరంలో నలుడి రూపంలో ఐదుగురు కూర్చున్నారు కదా. ఆమె అసలు నలుణ్ణి ఎలా గుర్తించింది? దేవతలకు రెప్పపాటు లేదు, చెమట లేదు, పాదాలు నేలకు ఆనవు. ఈ హెడ్‌సెట్ల లోకాలలో మనకు బదులుగా తిరిగే బొమ్మలు కూడా దేవతల బాపతే. మెటావారి లోకంలోనైతే 2023 దాకా వాటికి కాళ్ళే లేవు. ఇక నేల తాకే ప్రసక్తి ఎక్కడిది! కన్నును గమనించే కెమెరా లోపల ఉంటే, మనవడు అక్కడ రెప్ప వేసినప్పుడు ఇక్కడ వాడి బొమ్మ కూడా రెప్ప వేస్తుంది. ఖరీదైనవాటిలో ఇది వచ్చింది. చవకైనవాటిలోనూ రావాలి. నాకు వాడి బొమ్మ అందంగా ఉండనక్కరలేదు. రెప్ప వేయాలి. అయితే ఆ చూపు ఎక్కడ పడిందో, ఎంతసేపు నిలిచిందో ఆ లెక్క సంస్థవారి చిట్టాలోకి ఎక్కకూడదు. పదకొండేళ్ళ పిల్లవాడి చూపు అమ్మకపు సరుకు కాదు.

పక్కన కూర్చున్నవారి మాట కూడా చెప్పాలి. లోపలి దృశ్యాన్ని టీవీ మీదకు పంపే వీలు ఇప్పుడూ ఉంది. కాని లోపలివాడు తల తిప్పినప్పుడల్లా తెర మీది బొమ్మ ఊగిపోతుంది. మా ఆవిడ ఐదు నిమిషాలు చూసి, తల తిరుగుతోందని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆపిల్‌వారు పెట్టుకున్నవాడి కళ్ళ బొమ్మను పెట్టె పైభాగాన కనబడేటట్టు చేశారు. అది ఇంటి ముందు దీపం పెట్టి తలుపు వేసుకోవడం వంటిది. నేను అడిగేది అంతకన్నా తక్కువ ఖర్చుతో అయ్యేది: ఆడేవాడి తలతో పాటు ఊగక, ఒకచోట నిలిచి ఆ లోకాన్ని చూపే కిటికీ ఒకటి టీవీలో ఉండాలి. నాలుగు కన్నాల పెట్టెవాడు ఆ మాత్రం ఏర్పాటు రేకుతోనే చేశాడు.

ఆటల సంగతికి వస్తే, మీట తిప్పితే మనిషి పరుగెత్తే ఆటలు నాకు పడలేదు. కన్ను పరుగెడుతున్నానంటుంది, చెవి లోపలి తూనిక కదలలేదంటుంది. ఆ తగవులో కడుపు తిప్పుతుంది. నిలుచున్న చోటనే ఆడే బీట్ సేబర్ మాత్రం బాగా పట్టుబడింది. చెక్ దేశపు సంస్థ తయారుచేసిందట. ఎర్రవి, నీలివి ఘనాలు సంగీతానికి లయగా ఎదురువస్తూంటాయి. ఎర్రదానిని ఎడమచేతి కత్తితో, నీలిదానిని కుడిచేతి కత్తితో నరకాలి. రెండు ఆటలు ఆడేసరికి నాకొక ఊహ తట్టింది. ఎర్రది లఘువు, నీలిది గురువు అయితే? ఉత్పలమాల పాదానికి భ, ర, న, భ, భ, ర, వ గణాలు, ఇరవై అక్షరాలు. యతిస్థానమైన పదవ అక్షరానికి ఘనం మీద ఒక మెరుపు. పద్యం వినబడుతూండగా ఇరవై ఘనాలను తప్పకుండా నరికినవాడికి ఛందస్సు చేతుల్లోకి ఎక్కదా? పలక మీద గుర్తులు పెట్టించి ముప్పై ఏళ్ళలో ఎంతమందికి ఎక్కించగలిగాను!

ఈ మాట చెబితే మనవడు ఎగతాళి చేస్తాడనుకున్నాను. వాడు లోపలికి వెళ్ళి తెల్లకాగితం, ఎర్రకలం, నీలికలం తెచ్చాడు. నేనొక పాదం చెప్పాను. వాడు చదరాలు గీయసాగాడు. నీలి, ఎరుపు, ఎరుపు. నీలి, ఎరుపు, నీలి. మూడవ గణంలో మూడూ ఎరుపు రావాలి. వాడు చివరిది నీలి వేశాడు. ఎందుకని అడిగితే, తరువాతి అక్షరం కింద ఒత్తుంది కదా అన్నాడు. నిజమే. వాడు వేసింది తప్పు కాదు, పాదం చెబుతూ నేనే ఒక అక్షరం మార్చాను. ఆ చదరాన్ని అలాగే ఉంచి, మళ్ళీ మొదటి నుండి చెప్పమన్నాడు.