పెదవి కలపని రెండు వారాలు



పై పెదవి మీది పాత మచ్చను సరిచేయించుకొని, హోసూరులోని మా ఇంట్లో రెండు వారాలు విశ్రాంతి తీసుకొని, ఈ మధ్యనే మళ్లీ బడికి వెళ్లాను. ఇది సొంత గోడు, తెలుగు చదువుకు దీనితో ఏమి పని అని మీరు అడుగవచ్చును. నోటితో బ్రతికే వృత్తి మనది. ఆ నోటికే కుట్లు పడితే ఇంటి దగ్గర ఎట్లా గడుపుకోవాలో తెలియడం మంచిది. అంతకంటె ముఖ్యంగా, మీ తరగతిలోనో మీ బంధువులలోనో నా వంటి పెదవితో పుట్టిన బిడ్డ ఉండవచ్చును.

నేను చీలిన పై పెదవితో పుట్టాను. మన వాడుకలో దానిని గ్రహణం మొర్రి అంటారు. ఆ పేరులోనే తల్లి మీద ఒక నింద ఉన్నది. గర్భిణిగా ఉండి గ్రహణవేళ బయటికి వచ్చిందనీ, కత్తిపీట ముట్టిందనీ మా అమ్మను అనని వారు లేరు. ఆమె కడదాకా ఆ మాటను మోసింది. నిజానికి గర్భం నిలిచిన నాలుగవ వారానికీ ఏడవ వారానికీ నడుమ శిశువు ముఖభాగాలు ఇరువైపుల నుండి వచ్చి కలుసుకొంటాయి. అవి పూర్తిగా కలియకపోతే పెదవి చీలికతో మిగులుతుంది. వంశపారంపర్యం, తల్లికి మధుమేహం, పొగాకు, కొన్ని రకాల మందులు ఇందుకు దోహదం చేయవచ్చును. చాలామంది విషయంలో ఫలానా కారణమని తేల్చలేరు. గ్రహణానికి మాత్రం దీనితో ఏ సంబంధమూ లేదు.

ఇప్పుడు సాధారణంగా 3 నుండి 6 నెలల వయసులోనే పెదవిని కుడుతున్నారు. నాకు ఏడేళ్లకు గాని కుట్టలేదు. మచ్చ గట్టిపడి పెదవిని పైకి లాగింది. ఎర్రని అంచు ఒకచోట మెట్టువలె మిగిలింది. ఆ అంచులో ఒక్క మిల్లీమీటరు తేడా ఉన్నా ఎదుటివారి కంటికి తెలుస్తుంది. ఇన్నేళ్లకు బెంగుళూరులో సరిచేయించుకొంటానన్నప్పుడు, "యాభైమూడేళ్లకు ఈ సింగారమెందుకు టీచరమ్మా?" అని అడిగినవారు ఉన్నారు. పకారం పలికేటప్పుడు పెదవి సరిగా మూసుకోదనీ, పిల్లలకు ఉచ్చారణ నేర్పేదాన్ని కదా అనీ చెప్పి తప్పించుకోవచ్చును. అది నిజమే. అయితే అద్దంలో నా ముఖాన్ని ఇష్టంగా చూసుకోవాలన్న కోరిక కూడా అంతే నిజం. ఆ కోరికకు వయసు లెక్క కట్టనవసరం లేదని నా అభిప్రాయం.

శస్త్రచికిత్స గంటన్నరలో ముగిసింది. అసలు పరీక్ష ఇంటికి వచ్చిన తరువాతనే మొదలైంది. తల ఎత్తుగా ఉండేటట్టు మూడు దిండ్లు పెట్టుకొని వెల్లకిల పడుకోవాలి. మంచుగడ్డను నేరుగా తగిలించకుండా, గుడ్డలో చుట్టి కొద్దిసేపు చెంపకు ఆనించాలి. వాపు రెండవ, మూడవ రోజులలో ఎక్కువగా ఉంటుంది. మూడవనాడు అద్దంలో చూసుకొని ఏడ్చాను. అది ఫలితం కాదు, వాపు మాత్రమే అని వైద్యురాలు ముందే చెప్పి ఉన్నారు. అయినా ఏడుపు ఆగలేదు. నాలుగైదు రోజులు మనసు క్రుంగిపోవడం కూడా చాలామందికి సహజమేనట. మీ ఇంట్లో ఎవరికైనా ఇటువంటి చికిత్స జరిగితే ఆ రోజులలో "ఎట్లా ఉన్నదో చూద్దాం" అని ముఖంలోకి తొంగిచూడకండి. వచ్చి ప్రక్కన కూర్చోండి, చాలును.

పథ్యం దగ్గర మా అత్తగారితో చిన్న వివాదం వచ్చింది. పప్పు తింటే కుట్లు చీము పడతాయని ఆవిడ పట్టు. వైద్యురాలేమో గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, పప్పు తప్పక తినమన్నారు. చివరకు కారం లేని పలుచని పప్పుకట్టు, చల్లారిన రాగి అంబలి, మజ్జిగ, మెత్తగా చిదిమిన గుడ్డు నా ఆహారమైనాయి. చిన్న చెంచాతో నోటి ప్రక్క నుండి పోసుకోవాలి. గొట్టంతో పీల్చకూడదు. తిన్న ప్రతిసారీ నోరు పుక్కిలించాలి. పసుపు, కొబ్బరినూనె వంటివి కుట్లమీద పెట్టకూడదు. ఇచ్చిన లేపనం తప్ప మరేదీ వద్దు. జ్వరం, పెరుగుతున్న నొప్పి, చీము, ఆగని రక్తం కనిపిస్తే ఇంటివైద్యం మాని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇవన్నీ ఓర్చుకోగలిగాను. మాట్లాడవద్దన్నదే కష్టమైంది. మొదటి వారం మౌనం, రెండవ వారం పెదవులు గట్టిగా కలపని మితభాషణ. ఇంట్లో పలక మీద రాసి చూపేదాన్ని. కాని బడి సంగతి? మా బడిలో తెలుగు చెప్పేది నేనొక్కదాన్నే. తెలుగు పంతులు లేనిచోట పిల్లలు వేరే మాధ్యమానికి తరలిపోవడం ఈ సరిహద్దు ఊళ్లలో మీరూ చూసినదే. కుట్లు తీసిన ఆరవనాడే బడికి పోదామని మనసు పీకింది. కుట్లు తీసినంత మాత్రాన గాయం గట్టిపడదు, గొంతెత్తి పాఠం చెబితే మచ్చ వెడల్పవుతుంది అని వైద్యురాలు హెచ్చరించారు. ఆగిపోయాను.

అప్పుడు తోచిన ఉపాయమిది. మా వీధిలోని ఒక విద్యార్థిని చేత ఆరవ తరగతికి ఒక నోటుపుస్తకం పంపాను. మొదటి పుటలో ఇట్లా రాశాను: "ప, ఫ, బ, భ, మ, వ లేకుండా వాక్యాలు రాయండి. అటువంటివే ఇప్పుడు నేను పలుకగలను." మన కవులు నిరోష్ఠ్యమని సాధన చేసినది ఇదే. సంస్కృతంలో దండి రచించిన దశకుమారచరితంలో మంత్రగుప్తుడు పెదవి గాయపడినందున ఓష్ఠ్యాక్షరాలు లేకుండా తన కథ చెబుతాడు. ఆ గ్రంథాన్ని పదమూడవ శతాబ్దంలో కేతన తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు. ఉకారం, ఒకారం కూడా పెదవులను గుండ్రపరచేవే గాని, తెలుగు మాటలలో చాలా భాగం ఉకారాంతాలు కనుక పిల్లలకు వాటిని మినహాయించాను.

పుస్తకం తిరిగి వచ్చేసరికి నిండిపోయి ఉన్నది. నాయన, తాత, అక్క, అన్న పలుకుతారు. అమ్మ, అవ్వ, మామ, తమ్ముడు పలకరు అని ఒక జాబితా. "తాత చెరకు తెచ్చాడు, అక్కకి ఇచ్చాడు" అని ఒక వాక్యం. ఒక పిల్లవాడు మాత్రం "టీచర్, సెలవు అని కూడా మీరు పలుకలేరు, అందుకే రాసి పంపారా?" అని అడిగాడు. నవ్వితే కుట్లు లాగుతాయని ముఖం బిగబట్టుకొన్నాను. ఓష్ఠ్యాలు ఏవో నేను ఏళ్ల తరబడి నల్లబల్ల మీద రాసి వల్లెవేయిస్తూ వచ్చాను. ఈసారి పిల్లలు తమ పెదవులను వేళ్లతో తాకి చూసి తెలుసుకొన్నారు.

మచ్చ ఇంకా ఎర్రగానే ఉన్నది. మొదటి మూడు నెలలు అది గట్టిపడి, తరువాత మెల్లగా మెత్తబడుతుంది. పూర్తిగా కుదురుకోవడానికి ఏడాదికి పైగా పట్టవచ్చును. ఎండలో గొడుగు, వైద్యురాలు చెప్పిన సిలికాన్ జెల్, మృదువైన మర్దన సాగుతున్నాయి.

మీకు రెండు విన్నపాలు. తోటి ఉపాధ్యాయురాలు ఇటువంటి సెలవు అడిగితే "అందానికి సెలవా" అనకండి. ముఖం మీది గాయమూ గాయమే. బడిలో చీలిన పెదవి గల బిడ్డ ఉంటే, వెక్కిరింపు పేరు ఒక్కరోజు కూడా నిలువనీయకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద బడులకు వచ్చే వైద్య బృందానికి ఆ బిడ్డను చూపండి. పెదవి, అంగిలి చీలికలు ఆ పథకంలో ఉన్నాయి. స్మైల్ ట్రైన్ సంస్థ తోడ్పాటుతో ఉచితంగా ఈ చికిత్స చేసే ఆసుపత్రులూ మన దేశంలో ఉన్నాయి. ఆ తల్లి కనబడితే గ్రహణం మాట ఎత్తకుండా, ఏ వారంలో ఏమి జరుగుతుందో పైన రాసినది చదివి వినిపించండి.