నీళ్ళలోంచి తీశాక ఏం చేయాలి?

హాస్టల్‌లో మోటారు పాడైతే బకెట్లు పట్టుకుని కాలువకు వెళ్ళడం మాకు అలవాటే. మునిగినవాడిని కాళ్ళు పట్టి తలకిందులుగా తిప్పడం, కడుపు నొక్కి నీళ్ళు కక్కించడం మా ఊళ్ళలో మేం చూసిన వైద్యం.

ప్రథమ చికిత్స నేర్పడానికి వచ్చిన నర్సమ్మ గారు అది తప్పని చెప్పారు. ప్రాణం తీసేది కడుపులోని నీళ్ళు కాదు, ఊపిరి అందకపోవడం. కడుపు నొక్కితే లోపలిది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి 5 సార్లు ఊదాలి. అప్పటికీ కదలకపోతే రొమ్ము మధ్య 30 సార్లు నొక్కడం, 2 సార్లు ఊదడం. నిమిషానికి 100 నుంచి 120 నొక్కుల వేగం. సాయం వచ్చేదాకా ఆపకూడదు.

తర్వాత కొన్నాళ్ళకే ఆరో తరగతి తమ్ముడొకడు కాలువలో మునిగాడు. ఈత వచ్చిన పదో తరగతి అన్న ఒడ్డుకు లాగాడు. గట్టు మీది పెద్దలు వాణ్ణి తలకిందులు చేయబోతే చేతులు అడ్డం పెట్టాం. "పిల్లకాయలు, మీకేం తెలుసురా" అన్నారు. మేం ఊదుతూనే ఉన్నాం. ఐదో ఊపిరికి వాడు దగ్గాడు. పక్కకు తిప్పి, తడి బట్టలు తీసి, దుప్పటి కప్పి, లేచి కూర్చున్నా సరే ఆస్పత్రికి పంపాం.

అన్నలారా, తమ్ముళ్ళారా! సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు ఈ నాలుగు మాటలు ఊళ్ళో చెప్పండి. మన ఊళ్ళన్నిటా చెరువులో, కాలువలో, బావులో ఉన్నాయి కదా.