పేదరిక వ్రతం, జీతం పట్టీ

హేతువాదులం కతోలిక సన్యాసం గురించి రాయబోతే నేరుగా మహిమల దగ్గరికి వెళ్తాం. మా పశ్చిమ బెంగాల్లో అది సహజం కూడా. మోనికా బెస్రా కడుపులో గడ్డ మదర్ థెరీసా మహిమతో కరిగిందన్న కథ ఆధారంగా 2003లో మదర్‌ను ధన్యురాలిగా ప్రకటించారు. అది బాలూర్‌ఘాట్ ఆసుపత్రి మందుల వల్ల తగ్గిందని వైద్యం చేసిన డాక్టరే చెప్పారు. ప్రబీర్ ఘోష్ వంటి హేతువాదులు ఆ మహిమను బహిరంగంగా సవాలు చేశారు. చేయవలసిన పనే. కానీ నేను బి.కాం. చదివి, రక్షణ శాఖ పద్దుల విభాగంలో జీవితమంతా బిల్లులు తనిఖీ చేసినవాణ్ణి. చివరి ఏళ్లు కలైకుండా వైమానిక స్థావరం లెక్కలు చూశాను. నా కన్ను మహిమ మీద కాక ఖాతా మీద పడుతుంది.

నేనుండేది ఖరగ్‌పూర్. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వేసిన ఊరు. వర్క్‌షాపు పనికి శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు తరతరాలుగా ఇక్కడే ఉన్నారు. ఆంగ్లో ఇండియన్ రైల్వే కుటుంబాలతో పాటు చర్చీ, కాన్వెంటు బడులూ వచ్చాయి. మా వీధిలో కాన్వెంటు అంటే మతం కాదు, ఇంగ్లీషు చదువు. దేవుడు లేడనే నేను కూడా మా అమ్మాయిని సిస్టర్ల దగ్గరే చదివించాను. బాగా చెప్పారు. ఆ మాట దాచడం హేతువాదం అనిపించుకోదు.

మఠకన్య జీవితం బయటి నుంచి చూసినంత సులువు కాదు. తెల్లవారకముందే లేవాలి. ప్రార్థన, పూజ, తర్వాత బడి లేక ఆసుపత్రి. సాయంత్రం మళ్లీ ప్రార్థన, అందరూ కలిసి భోజనం. కలిసి ఉండవలసినవాళ్లను ఆమె ఎంచుకోదు. ఎక్కడికి బదిలీ చేస్తే అక్కడికి పెట్టె పట్టుకుని వెళ్లాలి. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలను తెలుగు కతోలికులు మాటపట్టు అంటారు. 1983 నాటి చర్చి ధర్మశాస్త్రం ప్రకారం కనీసం పన్నెండు నెలల శిక్షణ, ఆ తర్వాత మూడేళ్లకు తగ్గని తాత్కాలిక వ్రతం, ఆ పైనే శాశ్వత వ్రతం. తొందరపడి కట్టేసే ఏర్పాటు కాదది. ఆలోచించుకోవడానికి గడువు ఇస్తుంది.

అసలు విషయానికి వస్తాను. ఆ శాస్త్రంలోనే 668వ నియమం ఉంది. వ్రతం పట్టిన వ్యక్తి తన శ్రమతో సంపాదించినదంతా సంఘానిదే. పింఛను వచ్చినా మామూలుగా సంఘానిదే. 670వ నియమం ప్రకారం ఆమెకు కావలసినవన్నీ సంఘమే చూడాలి. ఇంతవరకు జమా ఖర్చూ సరిపోయాయి. ముసలితనంలో మంచాన పడ్డ సిస్టరును తోటి సిస్టర్లు కడదాకా చూసుకోవడం నేను ఎరుగుదును. పింఛను ఉండి కూడా చూసేవాళ్లు లేని రిటైరయినవాళ్లు నా పాత సహోద్యోగుల్లోనే ఉన్నారు.

చిక్కంతా 702వ నియమంలో ఉంది. సంఘాన్ని విడిచినవారు, లేక వెళ్లగొట్టబడినవారు, చేసిన పనికి ఏమీ అడగడానికి వీల్లేదు. సంఘం మాత్రం వారి పట్ల న్యాయమూ దయా చూపాలి. అంటే వెళ్లేవారికి హక్కు లేదు, ఇచ్చేవారికి ధర్మబుద్ధి ఉండాలి. ఆడిటులో ఇలాంటి వాక్యం కనబడితే మేము ఎర్ర సిరాతో గీత గీసేవాళ్లం. ఎంత, ఎప్పుడు, ఎవరు మంజూరు చేయాలి అన్నవి లేని చోట దయ చేతిని బట్టి మారుతుంది.

మా ఊరి వర్క్‌షాపు ఫిట్టరు కూతురు ఒకామె పద్దెనిమిదో ఏట ఆంధ్రలో ఒక మఠంలో చేరింది. ఊరూ, సంఘం పేరూ చెప్పను. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పి బయటికి వచ్చేసింది. ఎందుకు వచ్చిందో నేను అడగలేదు. పి.ఎఫ్. నంబరు ఏదైనా ఉంటుందేమో చూడమని నా దగ్గరకు వచ్చింది. జీతం చీటీ ఒక్కటైనా ఉందా అమ్మా అన్నాను. లేదు. హాజరు పట్టీలో ముప్పై ఏళ్ల సంతకాలున్నాయి, జీతం పట్టీలో ఆమె పేరే లేదు. చేతిలో పెట్టి పంపిన డబ్బు ఆరు నెలల ఇంటి అద్దెకు సరిపోతుంది.

"దేవుడి మీద నాకు ఫిర్యాదు లేదు బాబాయి గారూ. నేను పని చేశానని చెప్పే కాగితం ఒక్కటి ఉంటే చాలు" అంది.

ఇప్పుడు ట్యూషన్లు చెప్పుకుంటోంది. ఆదివారం గుడికి వెళ్తూనే ఉంది.

ఇది ఒక్కరి గొడవ కాదు. కేరళలో సిస్టర్ లూసీ కళప్పురను 2019లో ఆమె సంఘం తొలగించింది. ఆమెపై చూపిన తప్పుల్లో డ్రైవింగ్ నేర్చుకోవడం, కారు కొనడం, పుస్తకం అచ్చు వేయడంతో పాటు జీతం సంఘానికి ఇవ్వకపోవడం కూడా ఉంది. బయటికి వెళ్లక తప్పని సిస్టర్లకు పోప్ ఫ్రాన్సిస్ రోములో ఒక ఆశ్రయం తెరిపించారని 2020 ఆరంభంలో వాటికన్ కార్డినలే చెప్పారు. సమస్య ఉందని చర్చికి తెలుసునన్న మాట.

మన కోర్టుల్లో ఇది మరో దారిన వచ్చింది. ఎయిడెడ్ బళ్లలో పనిచేసే సిస్టర్లు, ఫాదర్ల జీతం మీద ఆదాయపు పన్ను కోయకూడదని సంఘాలు వాదించాయి. వ్రతం పట్టాక వారికి 'పౌర మరణం' జరుగుతుంది, జీతం వారిది కాదు, సంఘానిది అన్నారు. 1944 నాటి సర్క్యులరు చూపించారు. 2019లో మద్రాసు హైకోర్టు డివిజన్ బెంచి ఒప్పుకోలేదు. 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు కూడా అప్పీళ్లు కొట్టేసింది. జీతం ఉద్యోగికి అందుతుంది, తర్వాత ఎవరికిచ్చినా అది ఆదాయం ఖర్చుపెట్టిన తీరు మాత్రమే అన్నది అందులోని సారం.

మనవాళ్లు చాలామంది ఈ తీర్పును చర్చికి తగిలిన దెబ్బగా చూసి సంతోషించారు. నా మటుకు నాకు అది సిస్టరుకు దొరికిన గుర్తింపు. పన్ను కట్టే మనిషి చచ్చిన మనిషి కాదు. ఆమె పేర జీతం ఉంది, పాన్ కార్డు ఉంది, పని చేసినట్టు రుజువుంది.

"ఇష్టపడి చేరింది కదా, మనకెందుకు?" అని ఒక మిత్రుడు అన్నాడు. ఇష్టంగా చేరిందంటే ఇష్టంగా వెళ్లే దారి కూడా ఉండాలి. అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్‌ను చూడండి. 1970లో జెసూట్ సభను వదిలారు, పెళ్లి చేసుకున్నారు. 1969లో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పని ఆగలేదు, 2009లో కన్నుమూసేదాకా చేశారు. వ్రతం పోయినా సేవ నిలిచింది. కానీ ఆయన వెనుక సంస్థ, స్నేహితులు, దాతలు ఉన్నారు. నలభై ఎనిమిదేళ్ల లెక్కల టీచరుకు అవేవీ లేవు. వేరే దిక్కులేక లోపలే ఉండిపోతే దాన్ని వ్రతం అనాలా, ఇంకేమైనా అనాలా?

నేను కోరేది చిన్నది. బడి నడిపే సంఘం ప్రతి సిస్టరు పేరూ జీతం పట్టీలో రాయాలి. పి.ఎఫ్. ఆమె పేర కట్టాలి. జీతం ఆమె ఇష్టంగా సంఘానికి ఇచ్చుకోవచ్చు, వ్రతానికి భంగం రాదు. పాస్‌బుక్కు బీరువాలో ఉండి కూడా ఆమె ఉండిపోతే, అది నిజంగా ఆమె నిర్ణయం. అప్పుడు నాలాంటి నాస్తికుడు కూడా ఆ పేదరిక వ్రతానికి నమస్కరిస్తాడు.