బిల్లు కాగితము

ఒకప్పుడు పల్నాటి గ్రామములలో ప్రభుత్వపు మాట చెవికి వినబడెడిది. సాయంకాలమున వీధి మొగలో డప్పు మ్రోగెడిది. పన్ను కట్టుటకు గడువు ఎన్నడో, కాలువకు నీరు ఎన్నడు వచ్చునో దండోరా వేయువాడు ఎలుగెత్తి చాటెడివాడు. సగము మాత్రమే వినబడిన ముసలమ్మ అరుగు మీదినుండి "ఏమంటివి నాయనా? ఇంకొకసారి చెప్పు" అని కేక వేసినచో, అతడు నిలిచి మరల చెప్పెడివాడు. నేడు ఆ మాట కాగితముపై వచ్చుచున్నది. కాగితమును ఎన్నిమారులు అడిగినను అది మొదట చెప్పినదే చెప్పును.

ఆ కాగితము తయారగు విధము తెలిసికొనదగినది. నరసరావుపేట పురపాలక సంఘము 1915లో ఏర్పడినది. అట్టి కార్యాలయములలో చాల కాలము పన్నుల గుమాస్తా యెదుట ఒక పెద్ద చిట్టా ఉండెడిది. ప్రతి యింటికిని అందొక వరుస: ఇంటి నంబరు, యజమాని పేరు, పన్ను, పాత బాకీ, వసూలైనది, మిగిలినది. ఇంటిపన్ను అర్ధ సంవత్సరమున కొకమారు లెక్కింపబడును. కావున ఆ వరుసలన్నియు ఏటికి రెండుమారులు బిల్లు ఫారముల మీదికి చేతివ్రాతతో ఎక్కవలసి యుండెను. ఒక వరుస తప్పినచో పొరుగువాని బాకీ ఈతని నెత్తిన పడును. వ్రాత ముగియకమునుపే గడువు సమీపించుటయు కలదు. గుమాస్తాను నిందించుట సులభమే గాని, వేలకొలది పేర్లు వ్రాసిన చేతికి ఒక్క తప్పు దొరలుట వింత కాదు.

2015 తరువాతి సంవత్సరములలో ఆంధ్రప్రదేశమందలి 110 పట్టణ స్థానిక సంస్థల లెక్కలు ఒకే విధమైన కంప్యూటరు ఏర్పాటు క్రిందికి తేబడినవి. యంత్రము చేయు పని మనము భయపడునంత గహనమైనది కాదు. బిల్లు నమూనా ఒక్కటే. అందు కొన్ని ఖాళీలుండును. యంత్రము చిట్టాలోని వరుసల నొక్కొక్కటిగా తీసి, ఆ ఖాళీలు నింపి, మొత్తము కూడి అచ్చువేయును. వారములు పట్టిన వ్రాత పూటలో ముగియును. ఏడాది పన్నంతయు ఏప్రిల్ నెలలోనే కట్టినవారికి నూటికి 5 వంతులు తగ్గింపు నిచ్చుట, గడువు దాటినవారిపై నెలకు నూటికి 2 వంతులు వడ్డీ వేయుట పురపాలక సంఘముల ఆచారము. కాగితము వేళకు అందుటలో సామాన్య కుటుంబమున కెంత మేలున్నదో దీనివలన తెలియును.

విద్యుత్తు బిల్లు సంగతి వేరు. అది కార్యాలయములో గాక ఇంటి గడపలోనే పుట్టును. మీటరు చూచువాని చేతిలో చిన్న యంత్ర ముండును. గతమాసపు అంకె దానికి ముందే తెలియును. అతడు నేటి అంకెను నొక్కగనే తీసివేత, హెచ్చవేత జరిగి చీటి వెలువడును. ఆ చీటికి సిరా అక్కరలేదు. కాగితముపై నున్న పూత వేడి తగిలినచోట నల్లబడి అక్షరమగును. కాని ఎండ సోకినకొలది ఆ అక్షరములే వెలిసిపోవును. ఎండలకు పేరుమోసిన రెంటచింతల వంటి చోట కిటికీ కమ్మికి గ్రుచ్చిన బిల్లు ఎన్నాళ్లు నిలుచును?

లెక్క యెట్లు జరుగునో ఒక ఉదాహరణము చూడుడు. 2022 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చిన ధరల ప్రకారము, గృహమునకు మొదటి 30 యూనిట్లకు యూనిటు 1.90 రూపాయలు, తరువాతి 45 యూనిట్లకు 3 రూపాయలు, ఆపైని 50 యూనిట్లకు 4.50, ఆపైని 100 యూనిట్లకు 6 రూపాయలు. 90 యూనిట్లు వాడిన ఇంటికి, ఇతర రుసుములు విడిచి, 259.50 రూపాయలగును. 190 వాడిన ఇంటికి 807 రూపాయలు. యూనిట్లు రెండింతలకు కొంచెము మించినవి. పైకము మూడింతలు దాటినది. ఒక్క అంకె తప్పు నొక్కినచో యంత్రము ఆ తప్పును గూడ మిక్కిలి శ్రద్ధతో, పైసతో సహా లెక్కించి యిచ్చును.

పేర్ల బాధ మరియొకటి. తొలినాటి కంప్యూటర్లకు తెలుగు రాదు. 1991లో యూనికోడు తొలి ప్రతిలో తెలుగక్షరములకు చోటు దొరకినది గాని, ఇంగ్లీషు లిపిలో ఎక్కిన పేర్లు చాలచోట్ల అట్లే నిలిచిపోయినవి. ఒకే మనిషి పన్ను చీటిలో ఒక తీరున, విద్యుత్తు చీటిలో వేరొక తీరున కనబడును. పిమ్మట ఇల్లు బిడ్డల పేర మార్చునపుడు, ఇద్దరును ఒక్కరే యని ఋజువు చేయవలసివచ్చును.

గురజాల ప్రాంతమున ఒక కుటుంబమువారు మిరప కోతల దినములలో తెల్లవారకమునుపే చేనికి పోవుచుండిరి. మీటరు ఇంటి వెలుపలనే ఉండెను. ఒకనాడు తిరిగి వచ్చుసరికి తలుపు సందున చీటి కనబడెను. పాత అంకె 4310, కొత్త అంకె 4500. ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమడు దానిని చదివి, దీపము పట్టుకొని మీటరు కడకు పోయెను.

"నాయనమ్మా, మీటరు ఇంకా 4403 మీదనే ఉన్నది. 4500 రానే లేదు!"

మరునాడు కూలి పోగొట్టుకొని ఆమె చీటితో కార్యాలయమునకు వెళ్లెను.

"యంత్రము లెక్క తప్పదమ్మా" అనెను అచ్చటి గుమాస్తా.

"లెక్క తప్పినదని నేననలేదు బాబూ. మా మీటరు ఒక్కసారి వచ్చి చూడండి."

రెండు దినముల తరువాత ఒకరు వచ్చి చూచిరి. 4400 అని నొక్కవలసిన చోట 4500 పడినది. 807 రూపాయల పద్దు 259.50 అయ్యెను. అప్పటినుండి ఆ బాలుడు చీటి వచ్చిన ప్రతిమారును మీటరు ప్రక్కన గోడపై బొగ్గుతో తేదీయు అంకెయు వ్రాయుచున్నాడు. నాయనమ్మ దగ్గర నిలిచి రెండింటిని పైకి చదివించుకొనును. వినబడకున్న మరల చదువుమనును.