కాన్సాస్ సిటీలో దాలి కుండ

కాన్సాస్ సిటీ అనగానే అది కాన్సాస్ రాష్ట్రంలో వుంటుందనుకోవటం సహజం. కాని వూళ్ళో పెద్ద భాగం వున్నది పక్కనున్న మిస్సోరీ రాష్ట్రంలో. కొంతమేర రెండు రాష్ట్రాలకూ సరిహద్దు ఒక వీధి. దాని పేరే స్టేట్ లైన్ రోడ్డు. ఆ వీధిలో ఎదురెదురు ఇళ్ళవాళ్ళు పన్నులు కట్టేది వేరు వేరు రాష్ట్రాలకు. మా తమ్ముడి కాపురం కాన్సాస్ వైపున్న ఓవర్లాండ్ పార్కులో. అక్కడ మన తెలుగువాళ్ళు బాగానే వున్నారు. సరుకుల కొట్లో గోంగూర దొరుకుతుంది, కందిపప్పు దొరుకుతుంది. క్రితం వేసవి సెలవుల్లో, అప్పటికే అక్కడ వున్న మా అమ్మను చూసినట్టూ వుంటుంది, దేశం చూసినట్టూ వుంటుందని నాలుగు వారాలకు నేనూ వెళ్ళాను.

ఆ వూరికి వెళ్ళినవాళ్ళెవరికైనా మొదట తగిలేది వాసన. ఏ వీధి మలుపు తిరిగినా ఎక్కడో ఒకచోట హికరీ కట్టెల పొగ, దానితోపాటు మాంసం కాలుతున్న కమ్మని వాసన గాలిలో తేలి వస్తుంది. దీనికి కారణం వూరి పుట్టుకలోనే వుంది. కాన్సాస్ నది వచ్చి మిస్సోరీ నదిలో కలిసేది ఇక్కడే. ఆ సంగమం పక్కనున్న పల్లపు నేలను వెస్ట్ బాటమ్స్ అంటారు. 1871లో అక్కడ పశువుల దొడ్లు వెలిశాయి. పడమటి మైదానాలనుంచి రైలు పెట్టెలనిండా పశువులు వచ్చి ఇక్కడ దిగేవి. దేశం మొత్తంమీద చికాగో తరవాత ఇదే పెద్ద పశువుల సంత అయింది. 1951 జులైలో వచ్చిన వరద ఆ సంత నడుము విరిచింది. 1991లో అది పూర్తిగా మూతపడింది. ఇప్పుడు ఆ వీధుల్లో పాత ఇటుక కట్టడాలు మాత్రం నిలబడి వున్నాయి.

మంచి మాంసం ధనవంతుల బల్లలమీదికి పోతే, ఎముక ఎక్కువై కండ తక్కువైన ముక్కలు చవకగా దొరికేవి. పక్కటెముకలు అటువంటివే. వాటిని హడావుడిగా కాలిస్తే తోలులా సాగుతాయి. గంటల తరబడి సన్నసెగ చూపించగలిగితేనే లొంగుతాయి. ఆ ఓపిక వున్నవాడు ఆ వూళ్ళో ఒకడు బయలుదేరాడు.

అతని పేరు హెన్రీ పెర్రీ. నల్లజాతివాడు. టెనెసీ రాష్ట్రంలో పుట్టి, నదిమీద తిరిగే ఆవిరి పడవల వంటశాలల్లో పనిచేసి, చివరికి కాన్సాస్ సిటీ చేరాడు. 1908 ప్రాంతంలో బట్టల కంపెనీల పేటలో ఒక సందులో నిలబడి, కట్టెల సెగమీద నెమ్మదిగా కాల్చిన మాంసం అమ్మటం మొదలుపెట్టాడు. పాత వార్తాపత్రికలో చుట్టి ఇచ్చే పొట్లం ధర 25 సెంట్లు. తెల్లవాళ్ళకూ నల్లవాళ్ళకూ కలిసి కూర్చునే చోట్లు బహు తక్కువగా వున్న ఆ రోజుల్లో, ఇద్దరూ అతని పొట్లాలకోసం వచ్చేవారు. 1940లో పెర్రీ పోయాక, అతని దగ్గర పనిచేసిన చార్లీ బ్రయంట్ కొట్టు నడిపాడు. అతని తరవాత తమ్ముడు ఆర్థర్ బ్రయంట్ అందుకున్నాడు. ఆ పేరుతో హోటలు ఈనాటికీ వున్నది.

మేము అక్కడికి వెళ్ళాము. హంగులేమీ లేవు. వరసలో నిలబడి, కిటికీ దగ్గర చెప్పుకుని, పళ్ళెం మనమే మోసుకుని బల్ల చూసుకోవాలి. తెల్లటి రొట్టెముక్కలు, వూరవేసిన దోసకాయ బిళ్ళలు, మాంసం, పక్కన పులుసు. ఆ పులుసును వాళ్ళు సాస్ అంటారు గాని, నా నాలుకకు అది పులుసే. పెర్రీ కాలంలో అది గొంతు పట్టే ఘాటుగా వుండేదట. బ్రయంట్ దాని ఘాటు తగ్గించి కాస్త తీపి చేశాడు. 1977లో రిచ్ డేవిస్ అనే పిల్లల మానసిక వైద్యుడు టొమాటో, నల్లటి చెరకు పాకం కలిపి చిక్కగా, తియ్యగా మరొక సాసు తయారుచేశాడు. అది సీసాల్లో దేశమంతా పాకింది. దానితో కాన్సాస్ సిటీ రుచి అంటే తీపీ పులుపూ అని లోకం స్థిరపరచుకున్నది. పులుసులో బెల్లంముక్క వేసే మనకు ఇది కొత్త రుచి కాదు. మనం చింతపండు పిసికేచోట వాళ్ళు వెనిగరు పోశారు, అంతే.

హోటలు సంగతి అలా వుంచి, ఇంటి సంగతికి వస్తాను. ఆ వూళ్ళో అందరి పెరళ్ళలోనూ కట్టెల పొగ వుండదు. ఉద్యోగాలు చేసుకునే సంసారాల్లో పక్కటెముకలు వండేది విద్యుత్తుతో నడిచే ఒక కుండలో. లోపల మందమైన పింగాణీ పాత్ర, చుట్టూ వేడి తీగె, పైన గాజు మూత. స్లో కుకర్ అంటారు. మన ప్రెషర్ కుక్కరు అరగంటలో చేసే పనిని ఇది పూటంతా చేస్తుంది. విచిత్రమేమిటంటే, క్రాక్ పాట్ అన్న పేరుతో దీన్ని ఇంటింటికీ చేర్చిన రైవల్ కంపెనీ కూడా ఈ కాన్సాస్ సిటీదే. 1970లో వాళ్ళు చికాగోలోని ఒక చిన్న కంపెనీని కొన్నారు. చిక్కుళ్ళు వుడికించే ఒక కుండ దానితోపాటు వచ్చింది. దానికి కొత్త రంగులు, కొత్త పేరు, వెంట ఒక వంటల పుస్తకం జతచేసి 1971లో బజారులో పెట్టారు. ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో ఉద్యోగాలకు వెళుతున్న రోజులవి. ఉదయం మీట నొక్కి వెళితే సాయంత్రానికి వేడి భోజనం అన్నమాట వాళ్ళకు ఎంత ఆనిందో వేరే చెప్పాలా!

ఆ చిన్న కంపెనీ యజమాని ఇర్వింగ్ నాక్సన్ అనే యూదు ఇంజనీరు. తన కుండకు 1940లో పేటెంటు పొందాడు. ఆలోచన అతనికి వచ్చింది తల్లి చెప్పిన కథనుంచి. లిథువేనియాలోని విల్నా పట్టణంలో ఆమె చిన్నతనం గడిచింది. యూదులకు శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం చీకటిపడేదాకా నిప్పు ముట్టించటం నిషిద్ధం. అందుకని శుక్రవారం సాయంత్రమే చిక్కుళ్ళు, గింజలు, మాంసం కుండలో వేసి రొట్టెల బట్టీకి పంపేవారు. ఆరిపోతున్న బట్టీ వేడిలో రాత్రంతా అది మగ్గేది. మర్నాడు వేడివేడిగా ఇంటికి తెచ్చుకునేవారు. ఆ వంటపేరు చోలెంట్. కొడుకు ఆ బట్టీని విద్యుత్తు తీగెతో కుండ చుట్టూ కట్టాడు.

ఇదంతా నేను తెలుసుకున్నది మా ఇంట్లో ఆ కుండ గురించి పెద్ద పేచీ నడుస్తూ వుండగా.

మా మరదలు ఆసుపత్రిలో నర్సు. వారానికి మూడు రోజులు పన్నెండేసి గంటల డ్యూటీ. తెల్లవారి ఆరుంబావుకు గడపదాటితే రాత్రి ఏడుముప్పావుకు వస్తుంది. ఆ మూడు రోజులూ ఆ కుండే వంటమనిషి. మా అమ్మకు అది ససేమిరా గిట్టలేదు. "మనిషి లేని పొయ్యిమీద వుడికింది తిండి ఎట్లా అవుతుందే? మీట నొక్కి పోవటమూ, వచ్చి మూత తియ్యటమూ! దీన్ని వంట అంటారా?" అనేది నాతో. తను వండుతానంటే, ఆ పొయ్యిలూ ఆ మీటలూ తెలియక భయం. ఆరు నెలలు వుండటానికి వచ్చిన మనిషి, "టిక్కెట్టు మార్పించరా, అక్కతోపాటు నేనూ వెళ్ళిపోతాను" అని మా తమ్ముడిని పట్టుకున్నది.

కోడలి మనసు ఎట్లా వుంటుందో చెప్పనక్కరలేదు. ఆ రాత్రి గిన్నెలు కడుగుతూ నాతో అన్నది: "వదినా, అత్తయ్యచేత వండించుకోవాలని నేనెన్నడూ అనుకోలేదు. నేను వచ్చేదాకా ఆవిడ ఆకలితో కూర్చోకూడదనే తెల్లవారుజామున లేచి ఆ కుండ పెడుతున్నాను."

నాకు జవాబు తోచలేదు. తొమ్మిదింటి క్లాసుకు పరుగెత్తే ఆడదాన్ని నేను. నా వంటింటిని గురించి మా అత్తగారివైపు చుట్టాలు ఏమనుకునేవారో నాకు తెలియనిది కాదు.

మర్నాడు వండవలసినవి పక్కటెముకలే. ఆ వూళ్ళో పక్కటెముకలంటే సాధారణంగా పందివి. మా అమ్మ అది ముట్టదని మరదలు హలాల్ కొట్టుకు వెళ్ళి మేకవి తెచ్చింది. నేను పక్కన కూర్చుని చూసి రాసుకున్నాను.

కిలోన్నర పక్కటెముకలు. ఎముకల లోపలివైపు అంటుకుని వుండే పలచని పొరను గుడ్డతో పట్టి లాగెయ్యాలి. అది వుంటే ఉప్పూ కారమూ పట్టవు. ఉప్పు, మిరియాలపొడి, ఎండుకారం, ఆవపిండి, మూడు చెంచాల నల్ల పంచదార కలిపి రాత్రే రాసి చలిపెట్టెలో పెట్టాలి. తెల్లవారి రెండు ఉల్లిపాయలు చక్రాలుగా కోసి కుండ అడుగున పరిచి, వాటిమీద ఎముకలను అంచు వెంబడి నిలబెట్టాలి. నీళ్ళు పొయ్యనక్కరలేదు. మాంసంలోనుంచి వచ్చే వూటే చాలు. తక్కువ వేడిమీద ఎనిమిది గంటలు. ఆ తరవాత కుండ తనంతట తానే, వండటం మాని వెచ్చగా వుంచటానికి మారుతుంది. ఎముకను పట్టుకునివుండే పీచు అంత నిదానపు వేడికి కరిగి జిగురవుతుంది. మాంసం మెత్తబడే రహస్యమంతా ఇదే.

ఇక సాసు. గిన్నెడు టొమాటో కెచప్, పావుగిన్నె వెనిగరు, పావుగిన్నె నల్ల పంచదార, రెండు చెంచాల చెరకు పాకం, ఒక చెంచా ఆవముద్ద, నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసి పొయ్యిమీద చిక్కబడనివ్వాలి. తినేముందు ఎముకలకు పూసి, ఓవెనులో పైసెగ కింద నాలుగైదు నిమిషాలు పెడితే నిగనిగలాడతాయి. ముందే కుండలో పోస్తే మాంసపు వూటలో కలిసి పలచబడిపోతుంది. పొగ వాసన రాదు గనుక, దీన్ని బార్బెక్యూ అని మాత్రం ఆ వూరివాళ్ళముందు అనకండి. కోపం వస్తుంది వాళ్ళకు.

మధ్యాహ్నానికి ఇల్లంతా వాసన నిండింది. మా అమ్మ రెండుసార్లు కుండ దగ్గరికి వెళ్ళి వచ్చింది. మూడోసారి మూతమీద చెయ్యివేసింది.

"తియ్యకమ్మా, వేడి పోతుంది. ఒక్కసారి తీస్తే అరగంట వెనకపడుతుందట" అన్నాను.

"ఆ మాత్రం నాకు తెలియదుటే? దాలిమీద పాలకుండ మూత పదిసార్లు తీస్తే మీగడ కడుతుందా?" అని, ఆ మాట అన్న మరుక్షణం ఆగిపోయింది. కుండవంక చూసింది. "ఇది దాలే కదే!" అన్నది.

దాలి ఎరగని చిన్నవాళ్ళకోసం చెబుతున్నాను. పెరట్లో గుంట తీసి, పిడకలు పేర్చి నిప్పుచేసి, అది మంట లేవకుండా కుమిలేటట్టు చూసి, మీద పాలకుండ పెట్టేవారు. ఉదయం పెట్టిన పాలు సాయంత్రానికి ఎర్రగా కాగి మందాన మీగడ కట్టేవి. మా అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో రోజూ ఆ పని తనదే. కుండ పెట్టి, చల్దన్నం మూటకట్టుకుని, నాట్లకు వెళ్ళి, పొద్దుగూకి వచ్చేది.

"రోజంతా ఎవరూ దగ్గర కూర్చునేవాళ్ళు కాదు. అయినా పాలు కాచింది నేను కాదని మా అత్త ఒక్కనాడూ అనలేదు" అన్నది నెమ్మదిగా. ఆ మాట నాతో అన్నదో, తనలో తాను అనుకున్నదో!

ఆ రాత్రి తమ్ముడు, పిల్లవాడు, నేను తినేశాము. అమ్మ మాత్రం ఆకలిగా లేదని కూర్చున్నది. ఏడుముప్పావుకు కోడలు వచ్చి, కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి రెండు పళ్ళాలు పెట్టి వున్నాయి. మొదటి ముక్క కోడలి పళ్ళెంలోనే వేసింది. తను రుచిచూసి, "తీపి ఎక్కువైందే అమ్మాయీ. చింతపండు పడవలసింది" అన్నది. మరదలు నవ్వి, "ఆదివారం మీరు చెప్పండి అత్తయ్యా, నేను కలుపుతాను" అన్నది. ఆదివారం వెనిగరు బదులు చింతపండు గుజ్జు, పాకం బదులు బెల్లం పడ్డాయి. నిజం చెప్పాలంటే అదే బాగుంది. టిక్కెట్టు మాట ఆ తరవాత ఇంట్లో వినబడలేదు. నేను ఒక్కదాన్నే తిరిగివచ్చాను.

ఇప్పుడు మన వూళ్ళల్లోనూ ఈ కుండలు అమ్ముతున్నారు. కొనుక్కునేవాళ్ళకు రెండు జాగ్రత్తలు. గడ్డకట్టిన మాంసం తిన్నగా అందులో వెయ్యకూడదు. అది వేడెక్కేలోపల పాడయ్యే ప్రమాదం వుంది. ఎర్ర రాజ్మా గింజలను నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, వేరే పొయ్యిమీద కనీసం పది నిమిషాలు తెర్లనిచ్చిన తరవాతే ఇందులో వెయ్యాలి. వాటిలోని విషపదార్థం సన్నసెగకు పోదు.

కాన్సాస్ సిటీ వెళితే 18వ వీధిలోని జాజ్ సంగీత ప్రదర్శనశాల చూడండి. పెర్రీ వంటను తరవాతివాళ్ళు నిలబెట్టిన పేట అదే. ఎవరి ఇంటికైనా భోజనానికి వెళ్ళినప్పుడు వంటింట్లో మూతపెట్టిన కుండ ఒంటరిగా వుడుకుతూ కనబడితే, ఇల్లాలు ఎక్కడికి పోయిందని ఆశ్చర్యపడకండి. ఎన్నింటికి వస్తుందో అడగండి. ఆవిడ వచ్చేదాకా మూత తియ్యకండి.